లేహ్‌కి బదిలీ అయితే కడుపులోని బ్యాక్టీరియాకు ఏమవుతుంది?

మీరు రాసిన దాన్నిబట్టి నాకు అర్థమైంది ఇదీ. మీవారికి బెంగళూరు నుంచి లేహ్‌కి రెండేళ్ల బదిలీ అయింది. ఇక్కడున్నప్పుడే ఆయనకు ఐబీఎస్ (పేగులు అతి సున్నితంగా ఉండి తరచూ కడుపునొప్పి, విరేచనాలో మలబద్ధకమో తెచ్చే సమస్య), గ్యాస్ బాధ ఉన్నాయి. అంత ఎత్తుకు వెళ్తే పేగుల్లో మంచి బ్యాక్టీరియా చచ్చిపోతుందని ఆఫీసులో ఎవరో అన్నారు. అందుకని ఏ ప్రోబయోటిక్ (మంచి బ్యాక్టీరియా ఉండే క్యాప్సూల్) కొనాలి, వెళ్లేముందు స్టూల్ టెస్ట్ చేయించాలా అని అడుగుతున్నారు. నేను బెంగళూరులోనే జీర్ణకోశ వ్యాధులకు వైద్యం చేస్తాను. లడఖ్‌లో ఉద్యోగాలకు, ట్రెక్కింగులకు వెళ్లొచ్చినవాళ్లు, సైన్యంలో పనిచేసి వచ్చిన మన రాయలసీమ జవాన్లు నా దగ్గరికి వస్తుంటారు. కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను.

మీ ఆఫీసాయన చెప్పినట్టు బ్యాక్టీరియా చచ్చిపోదు, మారుతుంది. ఆ మార్పుకు పల్చటి గాలి ఒక్కటే కారణం కాదు. ఎత్తుకు వెళ్లిన మనిషి రక్తప్రసరణ మారుతుంది, ఆకలి మారుతుంది, తిండి మారుతుంది, నీళ్లు తాగే పద్ధతి మారుతుంది. వాటిని అనుసరించి బ్యాక్టీరియా కూడా మారుతుంది. అందుకే నేను క్యాప్సూల్ పేరు చెప్పను. మొదటి వారం ఎలా గడపాలి, అక్కడ వంటిల్లు ఎలా ఉండాలి అన్నదే చెప్తాను. స్టూల్ టెస్ట్ అక్కర్లేదు, దాని సంగతి తర్వాత.

"బెంగళూరు కూడా ఎత్తులోనే ఉంది కదా, కొంత అలవాటై ఉండదా?" అని చాలామంది అడుగుతారు. ఉండదు. బెంగళూరు సుమారు 900 మీటర్ల ఎత్తు. ఆ ఎత్తుకు శరీరం ప్రత్యేకంగా సర్దుకోవాల్సిన పనేమీ లేదు. లేహ్ 3,500 మీటర్లు. అక్కడా గాలిలో ఆక్సిజన్ వాటా 21 శాతమే, మనకున్నంతే. తగ్గేది గాలి ఒత్తిడి. సముద్రమట్టం దగ్గర ఉండే ఒత్తిడిలో దాదాపు మూడింట రెండు వంతులే అక్కడ ఉంటుంది. కాబట్టి ఒక్కో ఊపిరిలో అందే ఆక్సిజన్ కూడా అంతే తగ్గుతుంది. మామూలుగా విమానం లోపల ఒత్తిడిని 2,400 మీటర్ల ఎత్తుకు మించకుండా ఉంచుతారు. లేహ్ విమానాశ్రయం అంతకంటే ఎత్తున ఉంది. అంటే ఢిల్లీలో ఎక్కి గంటన్నర కూర్చుని దిగేసరికి, విమానంలో ఉన్నప్పటికన్నా పల్చటి గాలిలో అడుగు పెడతారు. ఒళ్లు సర్దుకునేందుకు దారిలో వ్యవధి దొరకదు.

మొదటి రోజు ఆయనకు కడుపు ఉబ్బరంగా ఉంటే దానికీ బ్యాక్టీరియాకూ సంబంధం లేదు. బయట ఒత్తిడి తగ్గితే పేగుల్లో ఉన్న గ్యాస్ వ్యాకోచిస్తుంది. బెంగళూరులో కొన్న చిప్స్ ప్యాకెట్ లేహ్‌లో బ్యాగు తెరిచేసరికి బెలూన్‌లా బిగుసుకుని ఉంటుంది, కడుపులోనూ అదే జరుగుతుంది. 1981లో పాల్ ఆవర్‌బాక్, యార్క్ మిల్లర్ అనే అమెరికన్ వైద్యులు దీని గురించి వైద్య పత్రికలో రాశారు. దానికి 'హై ఆల్టిట్యూడ్ ఫ్లేటస్ ఎక్స్‌పల్షన్' అని పేరు పెట్టారు. ఐబీఎస్ ఉన్నవాళ్ల పేగులకు సున్నితత్వం ఎక్కువ. పక్కవాడికి తెలియని పాటి గ్యాస్ కూడా వీళ్లకు నొప్పిలా తెలుస్తుంది. ఈ సంగతి మీవారికి ముందే చెప్పి పంపండి. కారణం తెలిస్తే టెన్షన్ తగ్గుతుంది, టెన్షన్ తగ్గితే ఐబీఎస్ కూడా కొంత నెమ్మదిస్తుంది. బయల్దేరడానికి ఒకట్రెండు రోజుల ముందు నుంచి రాజ్మా, శనగలు, క్యాబేజీ, కూల్‌డ్రింకులు తగ్గిస్తే చాలు.

ఇక అసలు విషయం. మన పెద్దపేగు లోపల మామూలుగానే ఆక్సిజన్ దాదాపు ఉండదు. అక్కడ కాపురం ఉండే బ్యాక్టీరియాలో ఎక్కువ భాగం ఆక్సిజన్ తగిలితే బతకలేనివి. అవి మనం అరిగించుకోలేని పీచుపదార్థాన్ని పులియబెట్టి బ్యూటిరేట్ లాంటి ఆమ్లాలు తయారుచేస్తాయి. పేగు గోడలోని కణాలకు బ్యూటిరేటే ముఖ్యమైన ఇంధనం. దాన్ని మండించడానికి ఆ కణాలు రక్తంలోంచి వచ్చిన ఆక్సిజన్ వాడేసుకుంటాయి, లోపలికి పోనివ్వవు. అలా పేగు గోడ, బ్యాక్టీరియా ఒకదాన్నొకటి కాపాడుకుంటూ ఉంటాయి.

దీన్నిబట్టి బయట ఆక్సిజన్ తగ్గితే ఈ బ్యాక్టీరియాకు మంచిదేగా అనిపిస్తుంది. కానీ అంత సూటిగా జరగదు. రక్తంలో ఆక్సిజన్ తగ్గినప్పుడు శరీరం మెదడుకు, గుండెకు ముందు పెడుతుంది. దానికి తోడు మనిషి బరువులు మోస్తూ, ఎక్కుతూ ఉంటే కండరాలు కూడా వాటా లాక్కుంటాయి. పేగులకు వచ్చే రక్తం తగ్గుతుంది. పేగు గోడ మీది కణాలు మూడు నుంచి ఐదు రోజులకే పాతవి పోయి కొత్తవి వచ్చే రకం, ఇంధనం తగ్గితే ముందు దెబ్బతినేవి అవే. కణానికీ కణానికీ మధ్య ఉండే బిగువు సడలుతుంది. బ్యాక్టీరియా పైపొరలోని విషపదార్థాలు కొంచెం కొంచెంగా రక్తంలోకి జారతాయి, ఒంట్లో లోలోపలి వాపు (ఇన్‌ఫ్లమేషన్) లక్షణాలు పెరుగుతాయి. వాపు ఉన్న పేగులో నైట్రేట్ పెరుగుతుంది. ఆ నైట్రేట్‌ను వాడుకుని ఈ.కోలై కుటుంబానికి చెందిన బ్యాక్టీరియా పెరగగలదు, మంచి పని చేసే జాతులు చాలామటుకు వాడుకోలేవు. ఎత్తులో మామూలుగా కనిపించే తేడా ఇక్కడే మొదలవుతుంది.

ఇది ఊహ కాదు, మనుషుల్లో చూసినదే. నంగా పర్బత్ యాత్రకు వెళ్లిన పర్వతారోహకుల మీద చేసిన ఒక అధ్యయనం 2005లో వచ్చింది. 5,000 మీటర్లు దాటాక వాళ్ల మలంలో బిఫిడోబ్యాక్టీరియా అనే మంచి రకం తగ్గింది, ఈ.కోలై తరహావి పెరిగాయి. మన దేశంలో కూడా, పదిహేను రోజులు లేహ్ ఎత్తుకు అలవాటుపడిన సైనికుల మీద పశ్చిమ బెంగాల్ విద్యాసాగర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చేసిన పని 2013లో ప్రచురితమైంది. అందులో ఆక్సిజన్ కావాల్సిన రకాలు తగ్గి, ఆక్సిజన్ లేకుండా బతకగలిగినవి పెరిగాయి.

నాకు బాగా నచ్చిన అధ్యయనం 2024లో చైనా నుంచి వచ్చింది. సముద్రమట్టానికి 243 మీటర్ల ఎత్తులోని చోంగ్‌చింగ్ నుంచి 45 మంది ఆరోగ్యవంతుల్ని 3,658 మీటర్ల లాసాకు తీసుకెళ్లి, మళ్లీ వెనక్కి తెచ్చి, మొత్తం 108 రోజులు వాళ్ల మలాన్ని పరీక్షించారు. కింద ఉన్నవాళ్లనూ పైన ఉన్నవాళ్లనూ పక్కపక్కన పెట్టి పోల్చడం తేలిక. కానీ అప్పుడు వాళ్ల తిండి వేరు, జాతి వేరు, అలవాట్లు వేరు, తేడా దేనివల్లో తేల్చలేం. ఇక్కడ అదే మనుషుల్ని ముందూ తర్వాతా చూశారు. పైకి వెళ్లాక పేగుల్లోని జాతుల వైవిధ్యం తగ్గింది. బ్లౌటియా అనే ఒక రకం బాగా పెరిగిపోయింది. వైవిధ్యం తగ్గింది అనగానే మనకు భయమేస్తుంది. కానీ అదే బ్లౌటియాను ఎలుకలకు తినిపిస్తే, ఆక్సిజన్ తక్కువ ఉన్నచోట వాటి పేగులు మెరుగ్గా ఉన్నాయి, అవి త్వరగా సర్దుకున్నాయి. అంటే ఆ మార్పులో కొంత భాగం చెరుపు కాదు, సర్దుబాటు. మీ ఆఫీసాయన మాటకు ఇంతకన్నా మంచి జవాబు లేదు. అలాగని బ్లౌటియా క్యాప్సూల్ కోసం వెతక్కండి. ఎలుకల్లో కనబడిన మేలు మందుగా మారడానికి ఇంకా చాలా దూరం ఉంది.

మరోటి. అమెరికాలో 17 మంది మగవాళ్లను 4,300 మీటర్ల ఎత్తులో 22 రోజులు ఉంచి, లెక్కగట్టిన భోజనం పెట్టి చూశారు. 2018లో వచ్చిన అధ్యయనం అది. ప్రోటీన్ ఎక్కువ పెట్టినా, తక్కువ పెట్టినా పేగు బ్యాక్టీరియా కూర్పులో తేడా రాలేదు, చిన్నపేగు గోడ సడలడం కూడా ఆగలేదు. కింద ఉన్నప్పుడే ప్రీవోటెల్లా అనే రకం ఎక్కువగా ఉన్నవాళ్లకు ఆల్టిట్యూడ్ సిక్‌నెస్ (ఎత్తుకు ఒళ్లు సర్దుకోక వచ్చే జబ్బు) కాస్త ఎక్కువగా వచ్చినట్టు కనిపించింది. ఇది చదివి మన తెలుగువాళ్లు కొందరు కంగారుపడ్డారు. ఎందుకంటే అన్నం, పప్పు, ఆకుకూరలు తినే భారతీయుల పేగుల్లో ప్రీవోటెల్లా మామూలుగానే ఎక్కువ. కంగారు అనవసరం. పదిహేడు మందిలో కనబడిన పోలిక అది, ఇంకా తేల్చుకోవాల్సిన ఊహ మాత్రమేనని ఆ పరిశోధకులే స్పష్టంగా రాశారు. దాని కోసం అన్నం మానేసి మాంసం మొదలుపెట్టమని ఎవరైనా చెప్తే వినకండి.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇప్పుడు చెప్తున్నాను, దయచేసి మీవారికి చదివి వినిపించండి. లేహ్‌లో దిగిన మొదటి రెండు మూడు రోజుల్లో తలనొప్పితో పాటు వికారం, వాంతి, అన్నం సయించకపోవడం ఉంటే దాన్ని గ్యాస్ అనుకోకూడదు. అది ఆల్టిట్యూడ్ సిక్‌నెస్ కాదని తేలేదాకా అదేనని అనుకోవాలి. ఆ జబ్బు తీవ్రతను కొలిచే లేక్ లూయీస్ స్కోరులో తలనొప్పి, నీరసం, తల తిరగడంతో పాటు కడుపు బాధ కూడా ఒక అంశం. ఐబీఎస్ ఉన్నవాళ్లకు ఇక్కడే ప్రమాదం. "నాకిది మామూలే" అని ఒక గ్యాస్ బిళ్ల వేసుకుని పడుకుంటారు, మర్నాడు పొద్దున పనికి వెళ్లిపోతారు. తలనొప్పి పెరుగుతున్నా, నడక తూలుతున్నా, పడుకున్నా ఆయాసం తగ్గకపోయినా అది ప్రాణాంతకమైన దశ. ఆక్సిజన్ పెట్టి, ఆలస్యం చేయకుండా కిందికి దించాలి. కాబట్టి మొదటి రెండు రోజులు పూర్తి విశ్రాంతి, మద్యం అసలు వద్దు. తర్వాత పని మీద ఇంకా పైకి, హాన్లే లాంటి 4,500 మీటర్ల చోటికి వెళ్లాల్సి వస్తే, రాత్రి పడుకునే చోటు ఒక రోజుకు 500 మీటర్ల కంటే ఎక్కువ పెరగకుండా చూసుకోవాలి. హాన్లేలోని పెద్ద టెలిస్కోపును మన బెంగళూరు పక్కనున్న హోసకోటె నుంచే నడుపుతారు. మనిషి అక్కడ ఉండాల్సిన అవసరాన్ని తగ్గించడం ఎంత తెలివైన పనో నాలాంటి డాక్టర్లకు బాగా అర్థమవుతుంది.

ఇక వంటింటికి వద్దాం. లేహ్‌లో నీళ్లు సుమారు 88 డిగ్రీలకే మరిగిపోతాయి. ఎంతసేపు మరిగించినా అంతకన్నా వేడెక్కవు. గిన్నెలో వండిన అన్నం పైకి ఉడికినట్టే ఉంటుంది. మెతుకు తీసి వేళ్ల మధ్య నలిపితే మధ్యలో తెల్లటి పలుకు తగులుతుంది. కందిపప్పు గంట ఉడికినా మెదగదు. అలా అరకొరగా ఉడికిన పిండిపదార్థం చిన్నపేగులో సరిగా అరగక పెద్దపేగులోకి చేరుతుంది, అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి గ్యాస్ చేస్తుంది. లడఖ్‌లో నెలల తరబడి గ్యాస్‌తో బాధపడి వచ్చినవాళ్లను నేను అడిగే మొదటి ప్రశ్న "కుక్కర్ ఉండేదా?" అనే. సామానులో ముందు పెట్టాల్సింది మంచి ప్రెషర్ కుక్కర్, అదనంగా ఒక గాస్కెట్. కుక్కర్‌లో కూడా లోపలి వేడి బెంగళూరులో కన్నా కొంచెం తక్కువే, కాబట్టి ఒకట్రెండు విజిల్స్ ఎక్కువ రానివ్వాలి. పప్పు ముందే నానబెట్టాలి.

మొదటి వారం ఆకలి ఉండదు. ఎత్తు వల్ల ఆకలిని నడిపే హార్మోన్లు మారతాయి. ఆ రోజుల్లో చాలామంది బిస్కెట్లు, మ్యాగీ, టీతో గడిపేస్తారు. పేగు బ్యాక్టీరియాకు అసలు దెబ్బ అక్కడ తగులుతుంది, పీచు అందదు. బలవంతంగా కడుపు నిండా తినమని చెప్పను. కొంచెం కొంచెంగా ఐదారుసార్లు తినమనండి. మెత్తగా ఉడికిన పప్పన్నం, రాగి జావ, కూరగాయల సూపు, అరటిపండు. నాలుగైదు రోజులు పోయాక అక్కడి తిండి మొదలుపెట్టవచ్చు. లడఖ్ వాళ్ల వేయించిన బార్లీ పిండి, కూరగాయలు వేసిన థుక్పా (నూడుల్స్ సూపు) చాలా మంచి తిండి. బార్లీలో ఉండే బీటా గ్లూకాన్ అనే పీచు పేగు బ్యాక్టీరియాకు ఇష్టమైనది. మన రాగిసంగటి తిన్న కడుపుకి అది కొత్తగా ఏమీ అనిపించదు. ఎండు ఆప్రికాట్లు మాత్రం గుప్పెళ్లతో తినవద్దనండి. వాటిలోని సార్బిటాల్ ఐబీఎస్ ఉన్నవాళ్లకు విరేచనాలు, ఉబ్బరం తెస్తుంది. రోజుకు రెండు మూడు చాలు.

పెరుగు సంగతి. మనవాళ్లకు పెరుగన్నం లేకపోతే భోజనం అయినట్టే ఉండదు, నా ఉద్దేశంలో ఏ క్యాప్సూల్ కన్నా అది నయం. లేహ్ చలిలో తోడు వేసి వంటింటి గట్టు మీద పెడితే పాలు పాలలాగే ఉంటాయి. గోరువెచ్చటి పాలలో తోడు కొంచెం ఎక్కువ వేసి, హాట్‌ప్యాక్‌లో పెట్టి, దాన్ని దుప్పటిలో చుట్టి, బుఖారీ (గదిని వెచ్చబెట్టే పొయ్యి) ఉన్న గదిలో ఉంచితే తెల్లారేసరికి తోడుకుంటుంది. దోసెల పిండికి కూడా ఇదే ఉపాయం, పులియడానికి బెంగళూరులో కన్నా చాలా ఎక్కువసేపు పడుతుంది. పులియని పిండితో ఇడ్లీలు పెట్టుకుని అవి గట్టిగా ఉన్నాయని బాధపడేకంటే ఇంకో పూట ఆగడం మంచిది.

నీళ్ల విషయం తేలిగ్గా తీసుకోవద్దు. పొడి గాలిలో, వేగంగా ఊపిరి తీసేటప్పుడు ఒంట్లో నీరు తెలియకుండా పోతుంది. చలికి దాహం వేయదు. ఆల్టిట్యూడ్ సిక్‌నెస్ రాకుండా ఇచ్చే డయామాక్స్ బిళ్ల వాడుతుంటే మూత్రం కూడా ఎక్కువ పోతుంది. ఫలితం మలబద్ధకం, దాంతో మళ్లీ గ్యాస్. మూత్రం లేత రంగులో ఉండేలా తాగితే చాలు, లీటర్లు లెక్కపెట్టుకుని అతిగా తాగడం కూడా మంచిది కాదు. 88 డిగ్రీలకే మరిగిన నీళ్లు సురక్షితమేనా అని సందేహం వస్తుంది. సురక్షితమే. ఆ ఎత్తులో మూడు నిమిషాలు మరగనిస్తే రోగకారక క్రిములు చనిపోతాయి.

డయామాక్స్ వాడాలా వద్దా అన్నది డాక్టరును అడిగే వేసుకోవాలి, సల్ఫా మందులు పడనివాళ్లయితే తప్పకుండా ఆ మాట చెప్పాలి. వేళ్లకు తిమ్మిర్లు, సోడా చప్పగా అనిపించడం దాని మామూలు లక్షణాలు. యాంటీబయాటిక్ స్ట్రిప్ జేబులో పెట్టుకుని, విరేచనం కాస్త పల్చగా అవగానే వేసుకునే అలవాటు మాత్రం మానమనండి. ఎత్తు వల్ల పేగు బ్యాక్టీరియా కొంచెం అటూఇటూ అయితే తనంతట తనే సర్దుకుంటుంది. అనవసరంగా వేసుకున్న యాంటీబయాటిక్ చేసే చెరుపు అంతకన్నా పెద్దది. ఓఆర్ఎస్ ప్యాకెట్లు పెట్టండి. జ్వరం, మలంలో రక్తం ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఇంకో జాగ్రత్త. ఎత్తైన చోట్ల జీర్ణకోశంలో రక్తస్రావం అయ్యే అవకాశం కొంచెం పెరుగుతుంది. టిబెట్ రైలు మార్గం కట్టేటప్పుడు తంగులా పర్వతం దగ్గర పనిచేసిన సుమారు 13,500 మంది కార్మికుల్లో దాదాపు అర శాతం మందికి ఇలా జరిగింది. తలనొప్పికి ఆస్పిరిన్, డైక్లోఫినాక్ లాంటివి ఖాళీ కడుపున వేసుకోవడం, దానికి మద్యం తోడవడం ముప్పును పెంచుతాయి. పారాసిటమాల్ వాడుకోమనండి. మలం తారులా నల్లగా, జిగటగా, భరించలేని వాసనతో ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఐరన్ బిళ్లలు వాడేవాళ్లకు కూడా మలం నల్లబడుతుంది, కానీ అది గట్టిగా ఉంటుంది, ఆ వాసన ఉండదు. రక్తం పెరుగుతుందని ఎవరో చెప్పారని ఐరన్ బిళ్లలు తనంతట తాను మొదలుపెట్టవద్దనండి. ఒంటికి పట్టని ఐరన్ పేగుల్లో ఈ.కోలై తరహా వాటికే మేతవుతుంది.

ప్రోబయోటిక్ వేసుకుంటే ఆల్టిట్యూడ్ సిక్‌నెస్ రాదని చెప్పే గట్టి ఆధారం ఇప్పటిదాకా లేదు. ఆయన ఐబీఎస్‌కు ఇప్పటికే ఏదైనా వాడుతూ గుణం కనిపిస్తుంటే ఆపక్కర్లేదు. కొత్తది మాత్రం ప్రయాణానికి ముందు మొదలుపెట్టవద్దు. ఉబ్బరం వస్తే అది క్యాప్సూల్ వల్లా, ఎత్తు వల్లా అన్నది తేల్చుకోలేం. స్టూల్ టెస్ట్ కూడా అంతే. ఒక రోజు మలంలో ఫలానా బ్యాక్టీరియా ఇంత శాతం ఉందని రంగురంగుల రిపోర్టు ఇస్తారు. కానీ ఆ శాతం ఎంతుంటే మంచిదో చెప్పే ప్రామాణిక కొలత ఏదీ లేదు. దాన్ని చూసి ఏ డాక్టరూ ఆయన లేహ్ ప్రయాణం గురించి ఏమీ మార్చలేడు. ఆ డబ్బుతో మంచి కుక్కర్, రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో వేలి మీద పెట్టి చూసుకునే పల్స్ ఆక్సీమీటర్ కొనండి.

ఆయన ఇప్పుడు రోజూ వాడే మందుల పేర్లు రాయండి. ముఖ్యంగా ప్యాంటాప్రజోల్ లాంటి యాసిడ్ తగ్గించే బిళ్ల నెలల తరబడి వాడుతున్నారా? వాడుతుంటే దాని అవసరం నిజంగా ఉందో లేదో వెళ్లేలోపే చూడాలి. కడుపులో యాసిడ్ తగ్గితే పేగు బ్యాక్టీరియా మారుతుంది, నీళ్ల ద్వారా వచ్చే క్రిములు కూడా తేలిగ్గా దాటుకుని వెళ్తాయి. కడుపునొప్పికి వేసుకునే బిళ్లల్లో కొన్ని మలబద్ధకం చేస్తాయి, అక్కడ వాటి మోతాదు మార్చుకోవాల్సి రావచ్చు. ప్రయాణానికి కనీసం మూడు వారాలు ఉండగా ఈ వివరాలు ఇస్తే, ఏది ఆపాలో ఏది ఉంచాలో తేల్చుకోవడానికి సమయం సరిపోతుంది.